పన్నెండు వారాల గడువు

ఛాయకి నరేంద్రతో పరిచయం దెబ్బలాటతోనే మొదలైంది.

సుపేలా మెయిన్ రోడ్డు మీది కంటి ఆసుపత్రిలో ఆమె స్కానింగ్ చూస్తుంది. కిందటేడు ఓ వానరోజున, తన తాత జగ్గయ్యని వెంటబెట్టుకుని తడిసి ముద్దై వచ్చాడు నరేంద్ర. కళ్ళజోడు మారిస్తే చాలన్నాడు. తాత ఉక్కు ప్లాంటు రైల్ మిల్లులో ముప్పై ఏళ్ళపాటు ఎడమ కన్ను మూసి, కుడి కన్నుతో పట్టాల వంకర పట్టేసిన మనిషి. ఇప్పుడు ఇంట్లో పెట్టించిన కొత్త గుమ్మం వంకరని వడ్రంగితో మూడుసార్లు తగువుపడ్డాడట. అది చెప్పి నరేంద్ర నవ్వాడు.

ఛాయ నవ్వలేదు. తాత కుడి కన్ను మూయించి, ఎదుటి తలుపు చూడమంది. తిన్నగానే ఉందన్నాడు. ఎడమది మూయిస్తే వంకరన్నాడు. వెంటనే స్కాన్ తియ్యాలంది.

"కళ్ళజోడుకొస్తే స్కానేటి మేడమ్? ఎవరొచ్చినా మెషీన్ ముందు కూర్చోబెట్టడమే మీ తరీకానా?"

ఛాయకి ఒళ్ళు మండింది. స్కాన్ తీసి, తెర అతని వైపు తిప్పింది. కంటి వెనక పొర కింద నల్లగా చిన్న నీటి మడుగు. ఇంకొన్నాళ్ళు వడ్రంగితోనే దెబ్బలాడుతూ కూర్చుంటే ఆ కంటికి నడిమి చూపు దక్కేది కాదని చెప్పింది. అతని మొహంలో నెత్తురు చుక్క లేదు. వెళ్ళేముందు ఆమె కళ్ళలోకి చూసి సారీ చెప్పాడు. ఛాయకి తంటా అంతా అక్కడే వచ్చింది.

ఆ తర్వాత నెలకో స్కాను, నెలకో ఇంజెక్షను. ఆ తేదీ నాడు ఛాయ నీలం కుర్తా వేసుకునేది. అతను ఏ షిఫ్టులో ఉన్నాడో, ఏ బండి దగ్గర అటుకుల పోహా బాగుంటుందో చెప్పేవాడు. అసలు మాట మాత్రం ఇద్దరి నోటా వచ్చేది కాదు.

పైగా కన్ను బాగుపడుతోంది. బాగుపడేకొద్దీ డాక్టరు మళ్ళీ రావలసిన గడువు పెంచేవాడు. నాలుగు వారాలు ఆరయ్యాయి, ఆరు ఎనిమిదయ్యాయి. స్కాన్ శుభ్రంగా కనబడగానే ఛాయకి ప్రాణం లేచొచ్చేది, మరుక్షణం ఉసూరుమనేది. పెద్దాయన చూపు బాగుంటే దిగులుపడే మనిషినైపోయానా అని తనని తానే తిట్టుకునేది.

మళ్ళీ వానలొచ్చేసరికి గడువు పన్నెండు వారాలైంది. ఛాయ ఒక గళ్ళ కాగితం తాత చేతికిచ్చింది. రోజూ ఒక్కో కన్నూ మూసి దాన్ని చూడాలి, గీత వంగినట్టుంటే ఆ పూటే ఫోన్ చెయ్యాలి. కింద తన నంబరు రాసింది. నరేంద్ర ఆ నంబరు వంక చూసి, ఏదో అనబోయి, రెయిన్‌కోటు తొడుక్కుని వెళ్ళిపోయాడు.

పదకొండో రోజు పొద్దున్నే ఇంట్లో ఉండగా ఫోన్ మోగింది. నరేంద్ర గొంతు వినగానే ఛాయ కంగారుగా అడిగింది.

"గీతలు వంగాయా? ఏ కన్ను?"

"లేదు, తిన్నగానే ఉన్నాయి. రోజూ డ్యూటీకెళ్ళే ముందు తాతని అడుగుతున్నాను ఛాయ గారూ. బాగున్నాయంటే సంతోషమే. కానీ మిమ్మల్ని చూడ్డానికి ఇంకా అన్నాళ్ళా అని దిగులు. ఇంత స్వార్థమేటి నాకు?"

ఛాయకి నవ్వూ ఏడుపూ ఒకేసారి ముంచుకొచ్చాయి.

"అందులో సగం నాది," అంది మెల్లగా.

అవతల ఫోన్ చేతులు మారింది.

"అమ్మాయ్, నాను జగ్గయ్యని. గడువెట్టింది నా కంటికి. మీ ఇద్దరికీ ఎవులెట్టారమ్మా? ఆదోరం మీ ఇంటికొస్తన్నాం, మీ అమ్మతో సెప్పు. మీ గుమ్మం తిన్నగుందో లేదో నాను సూడాల."

ఫోన్ పెట్టేసి, ఛాయ వీధి గుమ్మం ఎదుట నిలబడింది. ఒక కన్ను మూసి, పైనుంచి కిందిదాకా చూసుకుంది.