శౌరయ్య గారి ల్యాప్‌టాప్

గన్నవరం దాటాక హైవే పక్కనున్న ఆ కోచింగ్ కాలేజీలో రెండో అంతస్తు చివరి గదికి మంచి పేరు లేదు. పొద్దుగూకితే అటు ఎవరూ పోరని అక్కడ పనిచేసినవాళ్లు చెబుతారు. ఫిజిక్స్ చెప్పే శౌరయ్య గారు ఆ గదిలోనే బల్ల మీద తల వాల్చి పోయారు. పొద్దున ఊడవడానికి వెళ్లిన ఆయా మాణిక్యం చూసేదాకా ఎవరికీ తెలియదు.

"క్షణంలో ప్రాణం పోయింది, బాధన్నదే తెలియలేదు" అని ప్రిన్సిపాల్ దుర్గాప్రసాద్ చర్చిలో మైకు పట్టుకుని చెప్పాడు. పూలదండ వేశాడు. మర్నాడే ఆ పోస్టుకి ప్రకటన ఇచ్చాడు. ఇరవై రెండేళ్ల చాకిరీకి అంతే మర్యాద!

ఆ పోస్టులోకి సుస్మిత వచ్చింది. ఆయన గది, ఆయన కుర్చీ, ఆయన వాడిన పాత ల్యాప్‌టాప్... అన్నీ ఆమెకే ఇచ్చారు.

గొడవంతా ఆ ల్యాప్‌టాప్‌తోనే. బాగానే నడుస్తూ ఉంటుంది... ఉన్నట్టుండి బిగుసుకుపోతుంది. కొట్టిన అక్షరం తెర మీదికి రాదు. లోపల ఫ్యాన్ హోరుమని లేస్తుంది — మెట్లెక్కి వచ్చిన మనిషి రొప్పినట్టు. మూడు నాలుగు నిమిషాలు అంతే. మళ్లీ ఏమీ ఎరగనట్టు చల్లబడుతుంది.

"ఆయనేనమ్మా" అంది మాణిక్యం, గుమ్మం అవతలే నిలబడి. "మెట్లెక్కితే ఆయనకి అట్టాగే ఆయాసం వచ్చేది."

"దెయ్యానికి ఆయాసమేంటి మాణిక్యం?"

"ఈ కాలేజీలో పన్జేస్తే దెయ్యానికైనా వస్తదిలే."

సుస్మిత నవ్వింది గానీ లోపల ఏడుపే. ప్రశ్నపత్రం సగంలో ఉండగా మూడుసార్లు బిగుసుకుపోయి, కొట్టిందంతా పోయింది. ప్రిన్సిపాల్ వింటేగా!

"మిషన్ మీద నెపం పెట్టకండి మేడమ్. శౌరయ్య దాంతోనే చేశాడు. రేపు పొద్దున ఎనిమిదింటికి పేపర్ నా బల్ల మీద లేకపోతే ఇక మీరు రానక్కర్లేదు."

సంవత్సరం మధ్యలో ఉద్యోగం పోతే ఇంకో కాలేజీ గుమ్మం కూడా ఎక్కనివ్వదు. అందుకే ఆ రాత్రి ఆ గదిలో ఒక్కతే కూర్చుంది. బెజవాడలో ల్యాప్‌టాప్‌లు బాగుచేసే తమ్ముడు చక్రికి ఫోన్ కలిపింది. వాడప్పటికే దుమ్ము దులిపాడు, ర్యామ్ పెంచాడు, వైరస్ ఉందేమోనని వెతికాడు. ఏదీ పనిచెయ్యలేదు.

"రొప్పినప్పుడే పట్టుకోవాలక్కా. టాస్క్ మేనేజర్ తెరిచిపెట్టి, ఏ ప్రోగ్రామ్ ఎంత లాగుతోందో చూస్తా ఉండు."

వరండాలో లైట్లు ఆర్పేశారు. హాస్టల్లో పిల్లల చదువుల గోల సద్దుమణిగింది. ప్రాసెసర్ ఆరు శాతం... ఏడు... ఆరు...

హోరుమంది.

"వందకి పోయిందిరా." ఆమె గొంతు దానంతటదే తగ్గిపోయింది.

"అన్నిటికన్నా పైన ఏ పేరుంది?"

"హాజరు... అని ఏదో."

"నిఘా ప్రోగ్రామ్ అది. మనిషి కుర్చీలో ఉన్నాడో లేదో పది నిమిషాలకోసారి ఫోటో తీసి ఆఫీసుకి పంపుతుంది."

"నన్నూ తీస్తోందా?"

"చూద్దాం. అది చేసే పనులన్నీ ఒక ఫైల్లో రాసుకుంటుంది, తెరిచి చదువు."

వాడికి వినపడేలా చదివింది, అన్నీ పాత ఫోటోల తేదీలే. పంపుతోంది — తిరస్కరించారు. పంపుతోంది — తిరస్కరించారు. ఎనిమిది నెలలుగా అదే వరస.

చక్రి పకపకా నవ్వాడు. "దొరికింది నీ దెయ్యం! కొత్తగా ఏమీ తియ్యట్లేదక్కా. ఎప్పటివో పాత ఫోటోలు కట్టగట్టి పంపాలని చూస్తోంది. అవతలివాళ్లు తీసుకోవట్లేదు. వదలకుండా మళ్లీ మొదలెడుతోంది. ఆ ఫోల్డర్ డిలీట్ కొట్టు, ఇక పరిగెడుతుంది."

సుస్మితకి ప్రాణం లేచొచ్చింది. ఉద్యోగం నిలబడ్డట్టే! డిలీట్ మీద వేలు పెట్టింది కూడా... ఎవరి ఫోటోలో ఇవి?

ఒకటి తెరిచింది.

శౌరయ్య గారు. తల బల్ల మీద పక్కకి వాలి ఉంది. రాత్రి 8:50. కింద ఆఫీసు జవాబు — "డ్యూటీలో నిద్ర. మొదటి హెచ్చరిక." తొమ్మిదింటికి రెండోది. తొమ్మిదీ పదికి మూడోది — "పేరు జాబితా నుంచి తొలగించాం."

ఒక్కడంటే ఒక్కడు మెట్లెక్కి తట్టి చూడలేదు.

అక్కణ్నుంచి ప్రతి ఫోటోకీ ఒకే జవాబు — "ఈ పేరుతో ఉద్యోగి లేరు." లేరట! మిషన్ మాత్రం ఫోటో తియ్యడం మానలేదు.

9:20. తల అలాగే ఉంది... చెయ్యి మాత్రం బల్ల అంచుదాకా వచ్చింది.

10:40. చెయ్యి ల్యాప్‌టాప్‌ని పట్టుకుని ఉంది.

సుస్మిత ఒక్కొక్కటే నొక్కుతోంది. ఒకదాంట్లో కళ్లు తెరుచుకుని ఉన్నాయి. తర్వాతిదాంట్లో మూసుకున్నాయి. ఆ తర్వాతిదాంట్లో మళ్లీ తెరుచుకున్నాయి — సూటిగా కెమెరాలోకి చూస్తూ.

"అక్కా... డిలీట్ కొట్టావా?"

ఆమె ఇంకో ఫోటో నొక్కింది.

"అక్కా!"

"లేదురా..." అంది సుస్మిత. "తెల్లారుజామున నాలుగింటికి కూడా... ఈయన బతికే ఉన్నారు."