పోయొస్త మేడం

కాన్పుకు డాక్టర్‌ను ఎతుకుడంటే సంబంధం ఎతికినట్టే. అందరూ మంచోళ్లే అంటరు. కడుపు మీద చెయ్యి పెట్టినంకనే తెలుస్తది అసలు సంగతి. రెండుసార్లు నెల తప్పిన, రెండుసార్లూ కడుపు పోయింది. మూడోసారి నెల తప్పంగనే గట్టిగ అనుకున్న, ఈసారి ఎవరి చేతిల పడితె వాళ్ల చేతిల పానం పెట్టద్దని.

ఒక మేడం నా మొఖం చూడకముందే ఆపరేషన్ ఏ వారం పెట్టుకుందామన్నది. ఇంకొకామె ఫోన్ల మాట్లాడుకుంటనే కడుపు వత్తింది. నేను ఒక్క మాట అడిగితె, "నువ్వు డాక్టరా, నేను డాక్టరా?" అన్నది. చెప్పెటోళ్లకు ఇనెటోళ్లు లోకువ. నాకసలే నోరు ఆగది. "నేను తల్లిని మేడం" అని మంచం దిగొచ్చిన. బయట మా అత్తమ్మ ఎస్తేరు తల పట్టుకొని కూసున్నది.

"ప్రియాంకా, నీ నోటికి వరంగల్ల ఉన్న డాక్టర్లు సరిపోరే," అన్నది.

ఆఖరికి మట్టెవాడల స్నేహలత మేడం దొరికింది. పెద్దామె. పాత ఇల్లు, కింద దవాఖాన, పైన ఆమె ఉండేది. మన చర్చామెనే అని అత్తమ్మకు ఒకటే సంబురం. నాకు నచ్చింది అది కాదు. మేడం కడుపు ముట్టుకునే ముందు రెండు అరచేతులు బాగ రుద్దుకునేది. సర్... సర్... అని చప్పుడు. "చల్లటి చెయ్యి పెడ్తె లోపల బిడ్డ ఉలిక్కిపడ్తది" అనేది. ఆ వెచ్చటి చేతులు మొదటిసారి పెట్టంగనే నాకు ఏడుపొచ్చింది. అన్ని దవాఖాన్లు తిరిగిన, నన్ను ఎవరూ అట్ల ముట్టుకోలే.

ఇంకొకటుండె. మొదటి రోజు "పోత మేడం" అని లేస్తె, చెయ్యి పట్టి మళ్ల కూసోవెట్టింది.

"పోత అనద్దు బిడ్డా. పోయొస్త అను. అట్లన్నోళ్లందరు మళ్ల ఒడిల బిడ్డతోని వచ్చిన్రు నా దగ్గరికి."

అప్పట్నుంచి అదే అలవాటైంది. నేను "పోయొస్త మేడం" అనేది, ఆమె "పోయి రా బిడ్డా" అనేది. "నీ కాన్పు నేనే చేస్త, ఫికర్ చెయ్యకు" అని మాటిచ్చింది. దేవుని మాట కన్న ఆమె మాట మీదనే నాకు నమ్మకం ఎక్కువుండె. గిట్లన్ననని మా అత్తమ్మకు చెప్పకున్రి.

ఎనిమిదో నెల నిండింది. వానకాలం. ఆ రోజు పొద్దుగాల్నుంచి ఒకటే ముసురు. మా ఆయన జాన్సన్‌ది గూడ్సు బండి మీద డ్యూటీ. కాజీపేటల ఎక్కిండంటె మళ్ల ఎప్పుడు దిగుతడో ఆయనకే తెల్వది. మధ్యాహ్నం తిని జర ఒరిగిన. లేచినంక చూస్తె బిడ్డ కదుల్తలేదు.

చల్లటి నీళ్లు తాగిన. బెల్లం తిన్న. ఎడమ పక్కకు తిరిగి పన్న. ఊహూ. కడుపు మీద చెయ్యి పెట్టి "నానా, లే నానా" అని పిలిచిన. లోపల ఏ సడి లేదు. మేడంకు ఫోన్ చేస్తె ఎవరూ ఎత్తలే. రెండుసార్లు ఇట్లనే అయింది నాకు. ముందు ఇట్లనే సప్పుడు లేకుండ అయితది, తర్వాత నెత్తురు కనబడ్తది.

"అత్తమ్మా... బిడ్డ..." అన్న.  అత్తమ్మ గొడుగు తీసి చెప్పులేసుకున్నది.

మట్టెవాడల ఆటో దిగేసరికి పట్టపగలే మొగులు కమ్మి చీకటైంది. కరెంటు లేదు. దవాఖాన గుమ్మం ముందట కుప్పలు కుప్పలు చెప్పులు. పైనుంచి పాట వినబడ్తాంది. మెల్లగ, పదిమంది కలిసి పాడుతాన్రు. లిల్లీ పూల వాసన, కొవ్వొత్తుల వాసన.

"ఇయ్యాల మేడం ఇంట్ల కూడికున్నట్టుంది," అన్నది అత్తమ్మ. మాకు వారానికొక ఇంట్ల ప్రార్థన కూడిక ఉంటది. గుమ్మం ముందట చెప్పులు, లోపల పాట మాకు కొత్త కాదు. "నువ్వు లోపల కూసో. నేను పైకి పోయి పిలుచుకొస్త." మోకాళ్ల నొప్పులతోని ఒక్కొక్క మెట్టు పట్టుకొని ఎక్కింది.

లోపల పేర్లు పిలిచే పిల్ల లేదు. కుర్చీలన్ని ఖాళీ. పూల వాసన కింద నుంచి దవాఖాన మందు వాసన వస్తాంది. మేడం గది తలుపు తెరిచే ఉన్నది. చీకట్ల, మంచం పక్కన ఎవరో నిలవడ్డరు.

"రా బిడ్డా... పండుకో."

మేడమే. పానం లేచొచ్చింది నాకు. కాని గొంతు ముక్కుల నుంచి వస్తాంది.

"జలుబు చేసిందా మేడం?"

"ముక్కు పట్టేసింది..." అన్నది.

మడతలు పోని కొత్త తెల్లచీర కట్టుకున్నది. నా దిక్కు నడిచొస్తాంటె పాదాలు ఒకదాని నుంచి ఒకటి ఇడువడ్తలెవ్వు. రెండు బొటనవేళ్లు కట్టేసినట్టు, చిన్న చిన్న అడుగులు. కాళ్ల నొప్పులేమో అనుకున్న. నా గోస నాది, ఆమె కాళ్లను నేనేం చూస్త?

"కదుల్తలేదు మేడం. మధ్యాహ్నం నుంచి కదుల్తనే లేదు. మీ కాళ్లు మొక్కుత..."

సర్... సర్... సర్...

రుద్దుతనే ఉన్నది. ఎంతసేపైనా ఆపుతలేదు.

"ఎంత రుద్దినా... వేడెక్కుతలెవ్వు బిడ్డా."

చెయ్యి పెట్టింది.  నీళ్ల కుండ కాదు, బర్ఫు కాదు, అది ఏం చల్లదనమో నాకు చెప్పరాదు. తోలు దాటి, మాంసం దాటి లోపలికి పోతాంది. వద్దు మేడం అందామని నోరు తెరిచిన. అప్పుడే కడుపుల బిడ్డ తన్నిండు. మళ్ల తన్నిండు. గిలగిల కొట్టుకున్నడు. నేను గట్టిగ ఏడ్సిన. అంత సంతోషం నా జన్మల ఎరుగ.

"ఎదురుకాళ్లతోని ఉన్నడు," అన్నది మేడం. "నేను తిప్పుత. కాన్పు నాడు."

ఉన్నడు అన్నది. ఆడపిల్లనో మగపిల్లగాడో తెలిసే మాట మేడం ఎన్నడూ జారనియ్యది. నేను ఎన్నిసార్లు అడిగినా కోప్పడేది. ఆ సంతోషంల ఆ మాట పట్టించుకోలే.

"కాన్పుకు మీరే ఉంటరు కద మేడం?"

"మాటిచ్చిన కద..."

కండ్లు తుడ్సుకున్న. చీర సదురుకొని లేసిన. గుమ్మంల నిలవడి ఎప్పటి లెక్కనే అన్న.

"పోయొస్త మేడం."

"పోయి రా బిడ్డా..."

బయటికొస్తె ఆఖరి మెట్టు మీద అత్తమ్మ గోడ పట్టుకొని నిలవడ్డది. ఆమె ఎనుక దవాఖాన ఆయా పూలమ్మ, ఏడ్సి ఏడ్సి కండ్లు వాసినయి.

"పోయొస్త అని ఎవలకు చెప్పినవే?" అత్తమ్మ గుసగుస.

"మేడంకు. చూసింది అత్తమ్మా, బిడ్డ మంచిగున్నడు..."

"మేడం పైనున్నది." అత్తమ్మ మెట్ల దిక్కు చూపించింది. "పెట్టెల... పండుకోవెట్టిన్రు. తెల్లారంగ నిద్దర్లనే పానం పోయిందట."

నేను నవ్విన. నిజంగనే నవ్వొచ్చింది. పూలమ్మ ఫోన్ లైటేసుకొని గదిలకు పోయింది. ఎవరూ లేరు. మంచం మీద నేను పన్న గుర్తు ఉన్నది. పక్కన బల్ల మీద చిన్నగ చుట్టిన దూది ఉండలు, రెండు. పూలమ్మ చేతిల ఫోన్ కింద పడ్డది.

"గియ్యి... గియ్యి నేనే పెట్టిన. పొద్దుగాల. మేడం ముక్కుల..."

పైన పాట ఆగింది.

ఆటోల కూసున్నంక అత్తమ్మ నా రెక్క పట్టి గుంజింది. "సావింట్ల ఎవరన్న పోయొస్త అంటరానే? చెప్పకుండ రావాలె! ఎనుకకు చూడకుండ, చెప్పకుండ!"

"మనం ప్రభువును నమ్ముకున్నోళ్లం, గివన్ని మనకెందుకు?" అన్న. నోరు గట్టిగనే అన్నది, చెయ్యి మాత్రం కడుపు మీదనే ఉన్నది.

"ప్రభువును నమ్ముకుంటె సావిల్లు సావిల్లు కాకుండ పోతదా?"

"అయితె మళ్ల పోయి, పోత అని చెప్పొస్త."

అత్తమ్మ నా నోరు మూసింది. "నిండు చూలాలు... సచ్చినామెకు పోత అని చెప్తదా?"

ఇగ ఏమనాలె? పోయొస్త అనద్దు. పోత అనద్దు. ఇద్దరం ఒకలి మొఖం ఒకలం చూసుకున్నం. 

తర్వాత సుబేదారిల ఒక డాక్టరమ్మకు చూపించుకున్న. చిన్నది, నా ఈడుదే. మంచిది పాపం, అడిగినదానికల్లా ఓపికతోని చెప్పింది. కడుపు మీద చెయ్యి పెట్టి టక్కున తీసుకున్నది.

"ఐస్ పెట్టుకున్నరా అక్కా?"

"లేదు."

స్కానింగ్ చూసి చెప్పింది, ఎదురుకాళ్లు, ఆపరేషన్ పడ్తదని. అత్తమ్మ నా దిక్కు చూసింది. నేను నేల దిక్కు చూసిన.

ఆపరేషన్‌కు రోజు పెట్టుకున్నం. నొప్పులు ఆగుతయా? ముందే వచ్చినయి. మునిమాపు యాళ్ల, మళ్ల వాన. జాన్సన్ ఎక్కడో బండి మీద. నన్ను బల్ల మీద పండవెట్టిన్రు. పక్కన మిషన్ల బిడ్డ గుండె చప్పుడు. టక టక టక... మంచిగనే ఉండె. తర్వాత టక్... టక్...

"మత్తు డాక్టర్ ఎక్కడున్నరు?"

"తొవ్వల ఉన్నరు మేడం, వాన..."

"బిడ్డ గుండె పడిపోతాంది!"

డాక్టరమ్మ చెయ్యి పట్టుకున్న. ఆమె కండ్లు తలుపు దిక్కే ఉన్నయి. ఆమెకు ఏం చెయ్యాలెనో తెలుసు, చేసెటందుకు మనుషులు లేరు. నా బిడ్డ పోతాండు. ఇద్దరు పోయిన్రు, ఇప్పుడు వీడు. వాళ్ల మొఖాలు కూడ చూడలే నేను.

టక్...

అప్పుడు వినబడ్డది. పచ్చ పరద ఎనుక.

సర్... సర్... సర్...

ఇంకెవరూ అటు చూడలే. నాకు తెలుసు ఎవరో. పిలుస్తె ఏమైతదో కూడ తెలుసు. దయ్యమైతేంది? బతికున్న డాక్టర్లందరి కన్న నేను నమ్మింది ఆమెనే. నాకు నా బిడ్డ కావాలె, అంతే.

"రండి మేడం," అన్న. "మీరే రండి."

పరద కదిలింది. చల్లదనం నా కాళ్ల మీద నుంచి పాకింది. కడుపు మీద పది వేళ్లు... లోపల బిడ్డ అమాంతం తిరిగిండు. నేను పెట్టిన కేకకు నర్సు ఎనుకకు జరిగింది. ఒక్క నొప్పి. ఇంకొకటి. అంతే.

బాబు ఏడ్సిండు.

డాక్టరమ్మ రెండు చేతులు గాలిలనే పెట్టి నిలవడ్డది. "నేను... ఇంక ముట్టనే లేదు," అన్నది.

వాన్ని నా ఎద మీద పెట్టిన్రు. వాని ఏడుపు ముందట నాకు ఏ భయం యాదికి లేదు. చెవి పక్కన, ముక్కుల నుంచి, మెల్లగ మాట.

"పోయొస్త బిడ్డా..."

పోయేటోళ్లు అట్లంటె మనకు జవాబు నోట్లనే ఉంటది. ఆలోచిస్తమా? నేను నవ్వుకుంటనే అన్న.

"పోయి రండి మేడం."

అన్నంక సమజైంది. సాగనంపెటందుకు మన దగ్గర ఇంకో మాట లేదు. పొమ్మన్నా, రమ్మన్నట్టే. ఉత్త "పో" అని ఎట్లంట, బిడ్డను చేతిల పెట్టినామెను?

వస్తాంది. బాబుకు ఇప్పుడు పది నెలలు. లైట్లు వేసే యాళ్లకు ఊయల కాడ సర్... సర్... అని వినబడ్తది. చేతులు ఎప్పటికీ వేడెక్కవు. వాని కడుపు మీద పెడ్తది. వాడు నవ్వుతడు. మొదట్ల నేను ఎత్తుకుంటె జరసేపట్ల వెచ్చబడేటోడు. ఇప్పుడు తెల్లారేదాక ఎదకు అదుముకున్నా పెదవుల నీలం పోతలేదు. పిల్లల డాక్టర్లు అన్ని పరీక్షలు చేసి ఏం లేదంటరు. పాస్టర్ గారు వచ్చి ప్రార్థన చేసి, "భయపడకమ్మా, వస్త" అని పోయిండు. ఆ మాటకే నేను చెవులు మూసుకున్న.

పోయేముందు నన్ను అడుగుతది. "పోయొస్త బిడ్డా..." జవాబిస్తెనే పోతది. జవాబిస్తె తెల్లారి మళ్ల వస్తది.

నిన్న నేను, అత్తమ్మ అనుకున్నం, ఏదైతె అదైతది, ఇయ్యాల జవాబియ్యద్దని. ఇద్దరం కొంగులు నోట్ల కుక్కుకొని గోడకు ఆనుకొని కూసున్నం.

"పోయొస్త బిడ్డా..."

మేము పలుకలే. రుద్దుడు ఆగింది. ఇల్లంత లిల్లీ పూల వాసన.

"పోయొస్త... బిడ్డా..."

నా పండ్ల కింద కొంగు చినిగింది. పలుకలే. చానసేపు ఏ సడి లేదు. గెలిచినం అనుకున్న.

ఊయలల నుంచి మాట వచ్చింది. వానికి ఇంక అమ్మ అనుడు కూడ రాదు.

"పోయి... రా."

ముక్కుల నుంచి వచ్చింది ఆ మాట.

అత్తమ్మ ఉరికి లైటేసింది. వాన్ని ఎత్తుకొని కొంగుతోని ముక్కు తుడిసింది. కొంగు చూసింది, పొడిగనే ఉన్నది. మళ్ల తుడిసింది. నా దిక్కు తిరిగింది.

"జలుబు లేదే వీనికి," అన్నది.