తలకిందుల సీసాలు

కొత్త డబ్బా కొందామని పెయింటరు అన్నాడు. ఏమీ అక్కర్లేదని టైలరమ్మాయి అంది. వాళ్ళ పరిచయం ఆ ముక్కతోనే మొదలైంది, ఆ ముక్కతోనే చెడింది కూడా. అతను వెనక్కి తిరిగేలోపే ఆ అమ్మాయి వాళ్ళ అమ్మతో, ఈయనకి కొత్తడబ్బా అని పేరు పెట్టేస్తే సరి అనడం అతని చెవిన పడనే పడింది.

పని చూస్తే ఒక్క గోడ. ఆ అమ్మాయి అక్క కడుపుతో ఉండగా, పుట్టబోయే బిడ్డ గదికి తనే రంగు వేసుకోవడం మొదలుపెట్టింది. మూడు గోడలు అయ్యాయి. కిటికీ ఉన్న నాలుగో గోడ దగ్గరికొచ్చేసరికి నొప్పులొచ్చాయి. నెలలు నిండకుండానే పాప పుట్టింది. అప్పట్నుంచీ తల్లీబిడ్డలిద్దరూ ఆసుపత్రిలోనే. పాప ఇంటికొస్తుందని గట్టిగా అనుకోవడానికే అందరికీ భయం, ఇక ఆ గది తలుపు తీసేదెవరు? తీరా ఇప్పుడు డాక్టరు ఎల్లుండి తీసుకెళ్ళిపొమ్మన్నాడు. అంటే గోడ ఇవాళే పూర్తవాలి, రేపంతా కిటికీలు తెరిచి వాసన పోగొట్టాలి.

పైగా అది ఏ కొట్లోనూ దొరికే రంగు కాదు. హాలుకి వేయగా మిగిలిన పచ్చా, వంటింటికి వేయగా మిగిలిన తెలుపూ కలిపి అక్క తయారుచేసుకున్న చిగురు రంగు.

"అక్క ఇప్పుడు గిన్నె చప్పుడైనా ఉలిక్కిపడుతోందండీ. గుమ్మంలోకి రాగానే గది తను అనుకున్నట్టే కనిపించాలి. ఆ ఒక్కటీ చేసిపెట్టండి," అంది టైలరమ్మాయి.

ఆ మాట అన్నప్పుడు మాత్రం ఆ గొంతులో వెటకారం లేదు. పెయింటరు ఆ ముఖంకేసి ఒక్క క్షణం ఎక్కువే చూశాడు.

మెట్ల కింద ఆ అమ్మాయి చూపించిన అర చూసి అతనికి నవ్వొచ్చింది. మిగిలిన రంగులు పోసి దాచిన కాఫీపొడి సీసాలన్నీ వరసగా, తలకిందులుగా ఉన్నాయి. చూపించి చెప్పబోతుంటే ముందుగదిలో చొక్కా కొలతలకి ఎవరో వచ్చారు. వచ్చి చెబుతానని ఆ అమ్మాయి టేపు మెడలో వేసుకుని వెళ్ళిపోయింది.

చేతులు ఊరుకుంటేనా? కారిపోతాయేమోనని సీసాలన్నీ బుద్ధిగా నిలబెట్టేశాడు. లేత పచ్చవి రెండు కనిపించాయి. ఆ చీకట్లో రెండూ ఒకటే. ఒకే రంగు రెండు డబ్బాల్లో ఉంటే ఒక్క బకెట్టులో పోసి కలిపేయడం పెయింటర్ల అలవాటు. లేకపోతే గోడ సగం ఒకలా, సగం ఒకలా వస్తుంది. అతనూ అదే చేశాడు. మంచి పని చేశాననే అనుకున్నాడు.

తిరిగొచ్చిన టైలరమ్మాయి బకెట్టులోకి చూసింది. ఖాళీ సీసాలు తీసి అడుగులు చూసింది. ఒక్కొక్క అడుగున ఒక్కొక్క చుక్క. ఒకటి చిగురు, ఒకటి హాలు రంగు. తలకిందులుగా పెడితే మూత సందుల్ని రంగే మూసేస్తుంది, గాలి దూరదు, పైన మీగడ కట్టదు. అందుకే గుర్తులు అడుగున. అతను నిలబెట్టేసరికి గుర్తులన్నీ కిందకి పోయాయి.

అరిచినా బాగుండేది. ఆ అమ్మాయి మెట్టు మీద కూర్చుండిపోయి, "అక్కకి ఏం చెప్పను?" అంది మెల్లగా.

పెయింటరు క్షమించమని ఎలాగో అన్నాడు. కాసేపు బకెట్టులోకే చూసి, వంటింటి తెలుపు ఇంకా ఉందా అని అడిగాడు.

"రెండు సీసాలున్నాయి."

"అయితే పోలేదండీ. ఇందులో పచ్చ ఎక్కువైంది, అంతే. తెలుపు పోసుకుంటూ వెనక్కి లాక్కొద్దాం. చెయ్యి నాది, కన్ను మీది."

తెలుపులో ఉండలు కట్టి ఉంటే ఆ అమ్మాయి నైలాను గుడ్డ ముక్కతో వడకట్టింది. కాలరు కొలతల అట్ట కత్తిరించి ముక్కలు చేసింది. అతను గరిటెడు తెలుపు పోసి కలపడం, ఆ అమ్మాయి అట్ట మీద పూసి ఇస్త్రీపెట్టె సెగకి ఆరబెట్టడం. తడి రంగుని నమ్మకూడదని ఇద్దరికీ తెలుసు. అట్టని అక్క రంగు వేసిన గోడకి ఆనించి, ఒక కన్ను మూసి, బట్టకి దారం జత చూసినట్టు చూసేది. ఇంకా కాదు అనేది. అతనికి రెండూ ఒకటిలాగే ఉండేవి. తీరా కిటికీ దగ్గర చూస్తే ఆ అమ్మాయి మాటే నిజం. ఇన్నేళ్ళుగా రంగుల్లో మునిగి తేలుతున్నా, ఇలా చూసే మనిషిని అతను చూడలేదు.

అంతలో వాన. మబ్బు వెలుతురులో రంగు చూడనంటే చూడనంది ఆ అమ్మాయి. ఇద్దరూ గచ్చు మీద కూర్చున్నారు, మధ్యలో బకెట్టు.

ప్రతి చుక్కా ఎందుకు దాస్తారని అడిగాడు. గుడ్డముక్క పారేస్తే రేపు మోచెయ్యి చిరిగినప్పుడు అతుకు ఎక్కడ తెస్తామంది. మీకేం, కొత్త చొక్కా కొనేస్తారని తనే అందించింది. అతను తన చొక్కా మోచేతికేసి చూసుకున్నాడు. చిరిగే ఉంది. ఆ అమ్మాయి వానకేసి తిరిగి నవ్వుకుంది. ఆ వాన ఇంకాస్త కురిస్తే బాగుండనిపించింది అతనికి.

ఎండ వచ్చింది. మరో గరిటె పడింది. ఈసారి గోడకి ఆనించిన అట్టముక్క కనబడకుండా గోడలో కలిసిపోయింది.

"ఆపండి," అంది టైలరమ్మాయి. ఊపిరి బిగబట్టి ఉన్నది తనొక్కతే కాదని అప్పుడు చూసింది.

ఆ సాయంత్రానికే గోడ పూర్తయింది. మూడో రోజు అక్క వచ్చే వేళకి పెయింటరు బ్రష్షు మర్చిపోయానంటూ వచ్చాడు. పాపని గుండెకి హత్తుకుని అక్క గుమ్మంలో నిలబడింది. ఒక్కొక్క గోడే చూస్తూ కిటికీ గోడ దగ్గర ఆగింది.

"సగంలో వదిలేశానని రోజూ అదే బెంగ," అంది అక్క. "ఇది నేను కలిపిందే కదే?"

చెల్లెలు అబద్ధమాడలేకపోయింది. నిలబెట్టిన సీసాల దగ్గర్నుంచి అట్టముక్కల దాకా అంతా చెప్పేసింది. వినీ వినీ అక్క నవ్వింది. పాప పుట్టాక ఆ ఇంట్లో వినబడిన మొదటి నవ్వు అది.

బ్రష్షు కోసం వచ్చిన మనిషి బ్రష్షు మాటే ఎత్తడేమని అమ్మకి అనుమానం వచ్చింది. కుర్చీ వెయ్యవే, ఎంతసేపు నిలబెడతావని కూతురిని కసిరింది.

కుర్చీతో పాటు టైలరమ్మాయి ఒక సీసా కూడా తెచ్చింది. తెలుపు పోసిన కొద్దీ రంగు పెరిగి, గోడకి పోగా మిగిలింది. "ఇది మీ వల్లే మిగిలింది. మీరే ఉంచుకోండి."

అతను సీసాని అటూ ఇటూ తిప్పాడు. "మా ఇంట్లో ఒక గదుంది. ఇది ఒక గోడకే వస్తుంది. మిగతా మూడింటికీ కలపాలంటే... నా కన్ను చాలదండీ."

ఆ అమ్మాయి అతని చేతిలోని సీసాని తీసుకుని, మూత బిగించి, తలకిందులు చేసి మళ్ళీ అతని చేతిలోనే పెట్టింది.

"నేనొచ్చేదాకా నిలబెట్టకండి," అంది.