ఎనిమిదో డాక్టరు

డాక్టర్ల విషయంలో మా నాయన మునికృష్ణది ఒకటే లెక్క. బాగుందని చెప్పినవాడికి హస్తవాసి ఉన్నట్టు, సుగరుందని చెప్పినవాడికి చదువు రానట్టు. ఆ లెక్కన ఐదేళ్లలో ఏడుగురిని మార్చాడు. పాకాల అయింది, చిత్తూరు అయింది, తిరుపతి దాకా వెళ్లొచ్చాం. బండి తోలేది నేనే కాబట్టి నాకు బాగా తెలుసు.

పైగా ఆయనకు రక్తపరీక్ష అంటే పదో తరగతి పరీక్షే. మూడు రోజుల ముందు నుంచి ప్రిపరేషన్. సంకటి ముద్ద సగమవుతుంది, పొద్దున్నే కాకరకాయ రసం, మామిడితోట చుట్టూ నాలుగు రౌండ్లు. రక్తమిచ్చి బయటపడగానే పావుకిలో మైసూరుపాకు. మా అమ్మ చంద్రకాంతమ్మ తల బాదుకున్నా లాభం లేకపోయింది.

ఎనిమిదో డాక్టరు భానుశ్రీ. చిత్తూరు అమ్మాయి. పాకాల స్టేషన్ రోడ్డులో కొత్తగా క్లినిక్ పెట్టింది. నూట పద్దెనిమిది వచ్చిన రిపోర్టును నాయన శుభలేఖ ఇచ్చినట్టు ఆమె చేతికిచ్చాడు. ఆమె రిపోర్టును వదిలేసి నాయన ముఖం చూసింది. ఎన్ని రోజులు కడుపు మాడ్చుకున్నారని అడిగింది.

నాయన నా వైపు చూశాడు. నేను గోడమీద క్యాలెండరు చూశాను.

మూడు నెలల సగటు చెప్పే పరీక్ష ఒకటుందని, దానికి మూడు రోజుల చదువు చాలదని చెప్పి మళ్లీ రక్తం తీయించింది. తొమ్మిదిన్నర వచ్చింది. ఏడు దాటకూడదట. దొరికిపోయిన నాయనను చూసి నేను నవ్వాను. అదే నేను చేసిన తప్పు.

"నవ్వేవాళ్లు కూడా ఈ కుర్చీలో కూర్చోండి," అంది.

నాయనకు సుగరుంటే కొడుకు ఏడాదికోసారైనా చూపించుకోవాలని ముప్పై ఒక్కేళ్లొచ్చినా తెలియదా అని అడిగింది. నాకేం, రాయిలా ఉన్నానన్నాను. బీపీ నూటయాభై బై తొంభైఆరు వచ్చింది.

"రాయికి ఇంత బీపీ ఉండదే."

నాకు ఒళ్లు మండింది. బయటికొచ్చాక, ఈమె డాక్టరు కాదు పోలీసని, తొమ్మిదో డాక్టరును వెతుకుదామని నేనే అన్నాను. నాయన మైసూరుపాకు అంగడి దగ్గర బండి ఆపమనలేదు.

"ఏడుమందిని మోసం జేసినా నరేంద్రా. ఈ పాప ఒక్కతే పట్టుకునింది. ఇంగ మనింటికి ఈమే డాక్టరు."

అలా నెలనెలా వెళ్లడం మొదలైంది. అమ్మకు కూడా ఏడాదికోసారి చేయించాల్సిన పరీక్షలు రాసిచ్చింది. నాకు ఊరగాయ బందు, పొద్దున్నే నడక. వారం వారం బీపీ చూసుకుని వాట్సాప్‌లో పంపమంది. ఒక పెళ్లిలో నెయ్యన్నంలో ఆవకాయ కలుపుకున్న వారం నూటనలభై దాటింది, అంకె మాత్రమే పంపాను. "ఎవరి పెళ్లి?" అని ఆమె నుంచి రిప్లై. ఆ రెండు మాటలనూ పదిసార్లు చదువుకున్నాను. నవ్వకండి, మీకూ ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది ఈ జబ్బు.

ఆరు నెలలకు నాయన ఆరు పాయింట్ ఎనిమిదికి దిగాడు. నా బీపీ మందు లేకుండానే కుదిరింది. ఆ సాయంత్రం ఒకటే వాన, క్లినిక్‌లో పేషెంట్లు లేరు. వాన తగ్గాక పోతానని నిలబడి, నన్ను పెళ్లి చేసుకుంటారా అని అడిగేశాను.

ఆమె స్టెతస్కోపును విప్పి, మళ్లీ చుట్టి, మళ్లీ విప్పింది.

"నా పేషెంటును నేను చేసుకోను."

నా ముఖం ఎలా అయిందో గానీ ఆమెకు నవ్వొచ్చింది. తర్వాత మెల్లగా చెప్పింది.

"పేషెంటుగా ఉన్నంతవరకు అంటున్నా. మీ ఇంటికి ఇంకో డాక్టరును చూసుకోండి. నాకు ఇష్టమే. కానీ మీ నాయన మళ్లీ పాత దారి పడితే ఆ పాపం నాకొద్దు. డాక్టరును మార్చడానికి ఆయన మనసారా ఒప్పుకుంటేనే."

ఇదెంత పని అనుకున్నాను. డాక్టర్లను మార్చడంలో మా నాయనను మించినవాడెవడు? దామలచెరువులో పంకజాక్షి అనే అనుభవమున్న డాక్టరమ్మ ఉందని, అక్కడికి మారదామని ఇంట్లో చెప్పాను.

నాయన మారనన్నాడు. ఏడుగురిని చిటికెలో మార్చిన మనిషి ఎనిమిదో డాక్టరు దగ్గర పాతుకుపోయాడు. పదిరోజులు బతిమాలాను. అసలు సంగతి చెప్పడానికి సిగ్గు. నా బీపీ మళ్లీ పైకెక్కింది. ఆ అంకె చూసి అమ్మ, ఆ పాపంటే ఇష్టమా అని నేరుగా అడిగింది. తలూపాను.

అమ్మ నాయనతో ఏం మాట్లాడిందో నాకు తెలియదు. మర్నాడు పొద్దున్నే నాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఫైలు చంకన పెట్టుకుని, బండి తియ్యమన్నాడు. క్లినిక్‌లో ఫైలు బల్లమీద పెట్టాడు గానీ దాని మీద నుంచి చెయ్యి తియ్యలేదు.

"అమ్మా, నేను మొండోణ్ని. ఆ డాక్టరమ్మను గూడా మోసం జేస్తానేమో. నన్ను జూస్తే నాకే బయంగా ఉండాది. ఇంగ నన్ను పట్టుకునేది ఎవురు?"

భానుశ్రీ ఫైలు నెమ్మదిగా తీసుకుని పంకజాక్షిగారికి ఉత్తరం రాసింది. మందులు, తేదీలు, అంకెలు అన్నీ రాసి, చివర్లో, ఈయనకు పరీక్ష తేదీ ముందుగా చెప్పవద్దని రాసి గీత గీసింది. ఫైలు నాయన చేతిలో పెట్టింది. నా వైపు చూడలేదు గానీ చెవులు ఎర్రబడ్డాయి.

"ఆడ ఆమె చూసుకుంటుంది. ఇంట్లో నేను చూసుకుంటా మామా."

నాయన కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. మామా అన్న ఆ మాటకు నేను గోడకు ఆనుకుని నిలబడిపోయాను.

"ఏంరా, అట్ల సూస్తా ఉండావు," అన్నాడు నాయన. "మీ యమ్మకు ఫోన్ చెయ్."

జేబులోంచి ఫోన్ తీశాను. మా అమ్మ నంబరు మూడుసార్లు తప్పు నొక్కాను.