డోరతీ సంతకం లేకుండా

"తూనీగ, వినబడుతోందా?"

"వినబడుతోంది సార్."

"చుట్టుపక్కల ఎవరైనా ఉన్నారా?"

ఏజెంట్ తాక్ తలెత్తి చూశాడు. చర్చి బేస్‌మెంట్‌లో నలభై మంది కొరియా విద్యార్థులు తలలు వంచుకుని, పులిసిన క్యాబేజీతో కాచిన కిమ్చి చారు జుర్రుకుంటున్నారు. వాళ్లలో ముప్పై మందికి దేవుడి మీద నమ్మకం లేదు. నూట ఇరవై మైళ్ల లోపల కిమ్చి దొరికే చోటు ఇదొక్కటే కాబట్టి ఆదివారం వచ్చేసరికి అందరికీ భక్తి పుట్టుకొస్తుంది.

"ఎవరూ లేరు సార్," అన్నాడు తాక్, చెవిలోని రిసీవర్‌ని వేలితో అదుముతూ.

వయసు ముప్పై అయిదు. పదకొండేళ్ల సర్వీసు, నాలుగు పాస్‌పోర్టులు, ఆరు భాషలు. అలాంటి మనిషిని సియోల్ హెడ్‌క్వార్టర్స్ ఆగస్టులో పట్టుకొచ్చి అమెరికాలో నెబ్రాస్కా మొక్కజొన్న చేల మధ్య ఎల్మ్ ఫోర్క్ యూనివర్సిటీలో ఎం.ఏ. విద్యార్థిగా పడేసింది. పేరు గొప్ప, ఊరు దిబ్బ. ఉన్నది రెండు వేల మంది. దానికి ‘గ్లోబల్ క్యాంపస్’ అని బిరుదు. ఆ బిరుదుకి సాక్ష్యంగా నలుగురు విదేశీయుల్ని చెట్టు కింద కూర్చోబెట్టి నవ్వించి ఫొటో తీశారు. రెండో వరసలో నవ్వుతున్నవాడు తాక్. రహస్యంగా ఉండాల్సిన ఆ ముఖం ఇప్పుడు హైవే పక్కన ఇరవై అడుగుల హోర్డింగ్ మీద ఎండకి ఎండుతోంది. హెడ్‌క్వార్టర్స్‌లో ఒక్కడూ గమనించలేదు.

"విను," అన్నాడు డైరెక్టర్ ప్యో. "ఆ యూనివర్సిటీ ల్యాబ్‌లో వరి అగ్గితెగులు మీద పరిశోధన జరుగుతోంది. పంతొమ్మిదో నంబరు సీసాలో ఉన్న రకానికి ఏ మందూ పనిచెయ్యదు. నిన్న ఫ్రీజర్ తెరిచి చూశారు. అక్కడ వేరే సీసా ఉంది, అందులో ఉన్నది మైదాపిండి."

"నీటికాకి ముఠా?"

"వాళ్లే. వాళ్ల దగ్గర దాన్ని కొన్నవాడి గోదాముల నిండా బియ్యం ఉంది. మన పొలాలు మాడిపోతే వాడి పంట పండుతుంది. సీసా వాడి చేతికి చేరకూడదు. దొంగెవరో మన వేగు మగ్నోలియా చెప్పేసింది. ఆ ల్యాబ్‌లో పీహెచ్‌డీ చేస్తున్న బాంగ్ సోల్హీ. రేపు మధ్యాహ్నం విమానానికి ఇంటికొస్తోంది."

సరిగ్గా అప్పుడే సోల్హీ గరిటెతో ఎదురుగా వచ్చి నిలబడింది. ఇరవై ఏడేళ్ల పిల్ల, అలసిన కళ్లు.

"అన్నా, ఇంకో గరిటె వెయ్యనా? తినండి, చిక్కిపోయారు."

వేయించుకున్నాడు తాక్. దొంగ చేతి చారైనా చారు బాగుంది.

సోల్హీ అక్క పెళ్లికి వెళ్తోంది. నాలుగేళ్లలో మొదటిసారి, అదీ తొమ్మిది రోజులకి. ఎవరైనా ఇంటికి వెళ్తున్నారంటే మిగతావాళ్లు ఊరుకోరు. అమ్మకి విటమిన్లు, నాన్నకి చేపనూనె, అత్తగారికి మోకాళ్ల మాత్రలు అంటూ పొట్లాలు మోసుకొస్తారు. సోల్హీ బల్ల చివర కూర్చుని ఒక్కోదాన్నీ స్ప్రింగ్ త్రాసుకి తగిలించి, బరువూ, అందుకునేవాళ్ల ఫోన్ నంబరూ పొట్లం మీద రాసుకుంటోంది.

"రెండొందల గ్రాములు దాటితే తీసుకోను. పెట్టె ఇరవైమూడు కిలోలే. ఆ డబ్బా పట్టుకెళ్లి విప్పు, అట్టపెట్టె తీసేసి మాత్రలు ఇవ్వు. అట్టపెట్టె తింటారా మీ అమ్మ?"

ఆ మాటకి అందరూ నవ్వారు. తాక్ నవ్వలేదు. ఎంత సహజంగా నటిస్తోంది, అనుకున్నాడు.

తలుపు తెరుచుకుంది. ముందు సెంటు వాసన, వెనక ఎర్ర కోటు లోపలికొచ్చాయి. మ్యోంగ్ యురా. ఎంబీఏ చదువుతోంది. టాప్ లేని కారు, సినిమా తారలా నడక. ఆ నడకలో ఎడమ మడమ రవ్వంత ఈడుస్తుందని ఎవరూ గమనించరు. చూసేవాళ్ల చూపు అంత కిందికి వెళ్లదు.

యురా ఒక విటమిన్ డబ్బా సోల్హీ ముందు పెట్టింది. "మా పిన్నికి చెల్లీ. సరిగ్గా రెండొందల గ్రాములు, తూచుకునే తెచ్చాను." తరవాత తాక్ పక్కన కూర్చుని మెల్లగా అంది: "చారులో ముల్లంగి ఎక్కువైంది."

"ముల్లంగి ఒంటికి చలవ," అన్నాడు తాక్. ఇది హెడ్‌క్వార్టర్స్ ఇచ్చిన కోడ్. దీన్ని కనిపెట్టడానికి ఒక కమిటీ కూర్చుంది.

మగ్నోలియా అంటే ఈమే. రెండేళ్లుగా సంస్థకి సమాచారం ఇస్తున్న విద్యార్థిని. డైరెక్టర్‌కి ఆమె మాటంటే వేదం.

"చూశావా అన్నయ్యా," అంది యురా, సోల్హీ వంక చూపుతో చూపిస్తూ. "నోట్లో వేలు పెడితే కొరకలేనట్టుంది. ల్యాబ్ తాళం చెవి ఆమె దగ్గరే ఉంది. విమానం ఎక్కనివ్వండి. ఇంచియాన్ ఎయిర్‌పోర్టులో దిగగానే పట్టుకోండి."

డైరెక్టర్ ఉత్తర్వు కూడా అదే. టీవీ కెమెరాలు రెడీగా ఉంటాయట. టీవీలో తనకి ఏ రంగు టై బాగుంటుందో కూడా ఆయన ఆలోచించి ఉంటాడని తాక్‌కి అనిపించింది.

*

సోమవారం పదకొండు గంటలకి స్టాటిస్టిక్స్ క్లాసు. ప్రొఫెసర్ నిక్కరు వేసుకుని వచ్చి, నన్ను డగ్ అని పిలవండి అని రెండు నెలలుగా బతిమాలుతున్నాడు. విదేశీ పిల్లలు ఒక్కరూ పిలవరు. తాక్ చివరి వరసలో కూర్చుని, సోల్హీ విమానం పన్నెండూ ఇరవైకి కదా అని లెక్కేసుకుంటున్నాడు. డగ్ హాజరు పిలుస్తున్నాడు.

"యురా? ఓ, ఆమె లేదు. పొద్దున్నే ఆన్‌లైన్‌లో ఈ కోర్సు వదిలేసింది. రేపు మిడ్‌టర్మ్ కదా, భయపడిందేమో."

క్లాసులో ఉన్న తొమ్మిది మంది విదేశీ విద్యార్థులూ ఒక్కసారి ఊపిరి బిగపట్టారు. ఎవరో పోయారని చెప్పినా అంత నిశ్శబ్దం ఉండేది కాదు.

"డోరతీని అడిగిందా?" అంది ముందు వరసలోని వియత్నాం అమ్మాయి.

"డోరతీ ఎవరు?" అన్నాడు డగ్.

అమెరికావాడికి ఆ అవసరం రాదు. విదేశీ విద్యార్థుల ఆఫీసులో ఇరవై ఆరేళ్లుగా కూర్చున్న పెద్దావిడ డోరతీ. ఇక్కడ చదవాలంటే మూడు కోర్సులు ఉండి తీరాలి. ఆవిడ సంతకం లేకుండా ఒకటి వదిలేస్తే స్టూడెంట్ హోదా పోతుంది, హోదా పోతే పెట్టె సర్దుకోవాలి. అందుకే నూట మూడు జ్వరంతో క్లాసుకి వచ్చినవాళ్లున్నారు, కాలు విరిగి చంకకర్రలతో వచ్చినవాళ్లున్నారు. కడుపులో పేగైనా వదులుకుంటారు గానీ కోర్సు వదులుకోరు.

తన ఊపిరి కూడా ఆగిందని తాక్ ఒక క్షణం ఆలస్యంగా గమనించాడు. సిగ్గేసింది. ఆ వెంటనే విషయం తట్టింది. ఈ దేశంలో వచ్చే వారం కూడా ఉండాలనుకునే విద్యార్థి ఎవరూ ఈ పని చెయ్యరు. యురా తిరిగి రావడం లేదు.

బ్యాగు తీసుకుని బయటికి పరుగెత్తాడు.

"సార్, మగ్నోలియా కోర్సు వదిలేసింది."

"అయితే?" డైరెక్టర్ గొంతులో నిద్ర. "నేనూ వదిలేశాను కాలేజీలో. రెండు."

"మీరు సియోల్‌లో చదివారు సార్. ఇక్కడ అలా కాదు. డోరతీని అడక్కుండా..."

"డోరతీ ఎవరు? ఏ ఏజెన్సీ?"

తాక్ ఫోన్ పెట్టేశాడు. తెలియనివాడికి చెప్పొచ్చు, తెలిసినవాడికీ చెప్పొచ్చు. తనకి తెలుసనుకునేవాడికి చెప్పడం బ్రహ్మ తరం కాదు.

సంస్థ అతనికి ముఖాల్ని గుర్తుపట్టే కళ్లద్దాలిచ్చింది. కారు మాత్రం బడ్జెట్‌లో లేదన్నారు. వియత్నాం అమ్మాయి సైకిలు అడిగి తీసుకుని, ఎదురుగాలిలో నాలుగు మైళ్లు తొక్కి, ఎయిర్‌పోర్టు చేరేసరికి పదకొండూ నలభై అయింది.

ఎయిర్‌పోర్టంటే ఒక హాలు, ఒక కౌంటరు, రోజుకొక విమానం. పద్దెనిమిది మంది ప్రయాణికులు. సోల్హీ కౌంటర్ ముందు పెట్టెని త్రాసు మీద పెట్టి, సరిగ్గా ఇరవైమూడు అంకె చూసి మురిసిపోతోంది.

"అన్నా! మీరేంటి ఇక్కడ?"

"పెట్టె తెరువు. యురా ఇచ్చిన డబ్బా కావాలి."

అతని ముఖం చూసి ఆమె మారు మాట్లాడకుండా తెరిచింది. పొట్లాల్లోంచి డబ్బా తీసి, మాత్రలు అరచేతిలోకి ఒంపాడు. అడుగున చిన్న గాజు సీసా. దాని మీద పంతొమ్మిది అని సోల్హీ చేతిరాతే ఉంది.

సోల్హీ సీసా అందుకుంది. "ఇది మా ఫ్రీజర్‌ది. ఇది నా పెట్టెలోకి ఎలా..." మూత బిగుసుగా ఉందో లేదో చూసింది. "అన్నా, మా ఊరు చోర్వన్‌లో మా తమ్ముడిది నాలుగెకరాల వరి. ఆ తెగులుకి మందు దొరుకుతుందనే నాలుగేళ్లుగా ఇక్కడ కుళ్లుతున్నాను. దీన్ని నేనే మోసుకెళ్లేదాన్నా?"

నిన్న ఈ పిల్ల పోసిన చారు తాగుతూ ఈమెనే దొంగ అనుకున్నందుకు తాక్‌కి తన మీద తనకే అసహ్యం వేసింది. కానీ అసహ్యపడటానికి సమయం లేదు. సరుకు ఇదే అయితే యురా తీరిగ్గా కూర్చుని రేపు మిడ్‌టర్మ్ రాసుకోవచ్చు. వెళ్లిపోతోందంటే అసలుది తనే తీసుకెళ్తోంది. ఇది ఎర, సీసా అదే అయినా లోపలి సరుకు వేరు. ఇంచియాన్‌లో డైరెక్టర్ టై సవరించుకుని దీని చుట్టూ గంతులేస్తుంటే, అసలు సరుకు ఇంకో దారిలో వెళ్లిపోతుంది. ఈ ఊరినుంచి త్వరగా దేశం దాటే దారి ఒక్కటే, ఆ తలుపు అవతల నిలబడ్డ విమానం.

బోర్డింగ్ మొదలైంది. తాక్ కళ్లద్దాలు పెట్టుకుని వరసంతా చూశాడు. రైతులు, ఒక పసిబిడ్డ తల్లి, ఒక సేల్స్‌మన్, నలుగురు స్టూడెంట్లు. ఎర్ర కోటు లేదు, సెంటు వాసన లేదు. ‘ఎవరూ సరిపోలలేదు’ అన్నాయి లక్ష డాలర్ల కళ్లద్దాలు.

ఇక మిగిలింది ఒక్క నంబరు.

"డోరతీ గారూ, తాక్‌ని మాట్లాడుతున్నాను. మ్యోంగ్ యురా ఎయిర్‌పోర్టులో ఉంది. వెళ్లిపోతోంది."

"నా ట్రావెల్ సంతకం లేకుండా దేశం దాటుతోందా?" అవతల కుర్చీ జరిగిన చప్పుడు. "పొద్దుట్నుంచి ఆ పిల్లకి పదకొండుసార్లు ఫోన్ చేశాను, నాయనా. అయిదింటి లోపల కోర్సు మళ్లీ చేర్చకపోతే దాని చదువు గంగలో కలుస్తుంది. వస్తున్నా. అన్నట్టు, నువ్వు ఇల్లు మారి పన్నెండు రోజులైంది. పది రోజుల్లో అడ్రసు రాసివ్వాలని తెలీదూ?"

ఆ ఇల్లు మారిన సంగతి సియోల్‌కి ఇంకా తెలియదు.

ఎనిమిది నిమిషాల్లో డోరతీ వచ్చింది. కాళ్లకి ఆఫీసు చెప్పులు, చంకలో ఫైలు. వరసలో ఇంకా ఆరుగురే మిగిలారు. ఆవిడ ఒక్కసారి అటు చూసి, తిన్నగా వెళ్లి, చివరినుంచి రెండో అమ్మాయి మోచెయ్యి పట్టుకుంది. బూడిదరంగు స్వెట్‌షర్టు, టోపీ, సోడాబుడ్డి కళ్లద్దాలు, చేతిలో లావు పుస్తకం. చదువుకునే పిల్ల వేషం. యురా ఆ వేషం వేస్తుందని ఎవరి ఊహకీ అందదు.

"యురా, ఫోనెందుకు ఎత్తడం లేదమ్మా?"

"మీరెవర్ని చూసి ఎవరనుకుంటున్నారో..."

"నాకున్నది నూట పన్నెండు మంది పిల్లలు. ఎవరి నడకేదో నాకు తెలుసు. ఆగస్టులో నీ మడమ బెణికితే ఆస్పత్రికి తీసుకెళ్లింది ఎవరు?"

తాక్ పుస్తకం లాక్కుని తిరగేశాడు. ఒక్క పేజీలోనూ ఒక్క గీత లేదు. ఆమె జేబులో మాత్రం పసుపు హైలైటర్ ఉంది. దాని మూత తిప్పాడు. లోపల సిరా లేదు, సీల్ వేసిన సీసా ఉంది. సోల్హీ దాన్ని వెలుతురుకి ఎత్తి చూసి, అవునని తలూపింది.

గార్డు షెరీఫ్‌కి ఫోన్ చేస్తుంటే, యురా టోపీ తీసి బల్ల మీద పడేసింది.

"మూడు దేశాల నిఘా నన్ను పట్టలేదు. ఒక గుమాస్తా ముసల్ది పట్టుకుందా?"

"వెళ్లిపోయేదానివి వెళ్లిపోక, కోర్సెందుకు వదిలావు?" అన్నాడు తాక్. "చెప్పాపెట్టకుండా మాయమైతే వారం దాకా ఎవరికీ తెలిసేది కాదు."

యురా ముఖం తిప్పుకుంది. "పరీక్ష ఉన్నది ఆ ఒక్కదాంట్లోనే, రేపు రాయకపోతే ఎఫ్ పడుతుంది. ఒకటో క్లాసునుంచి నేనెప్పుడూ ఫస్టే. నా పేరు పక్కన ఎఫ్ ఉంటే చూడలేను."

"అది నీ అసలు పేరు కూడా కాదు."

"అయినా సరే."

తాక్ నవ్వబోయి ఆగాడు. నవ్వే హక్కు తనకి లేదు, ఫస్టు రాకపోతే బతకనివ్వని ఆ కొరియా బళ్లలోనే తనూ చదివాడు. డోరతీ కూడా నవ్వలేదు. ఫైలు మూసి, "మంచి మార్కుల పిల్ల," అంది బాధగా, ఆ ముక్క నిజంగానే అనుకుంటూ.

చెవిలో రిసీవర్ గరగరలాడింది. సీసా దొరికిందని చెప్పాడు తాక్.

"అయితే ఇంచియాన్‌కి పిలిచిన కెమెరాల సంగతేంటి?" అన్నాడు డైరెక్టర్. "మంత్రిగారు కూడా వస్తానన్నారు."

తాక్ రిసీవర్ తీసి జేబులో వేసుకున్నాడు.

కౌంటర్ దగ్గర సోల్హీ కళ్లు తుడుచుకుని పెట్టె మళ్లీ సర్దింది. త్రాసు మీద పెట్టి, అంకె చూసి, అతన్ని పిలిచింది.

"అన్నా, ఇరవైరెండూ ఎనిమిది వందలు. రెండొందల గ్రాములు ఖాళీ ఉంది. ఖాళీగా తీసుకెళ్తే పాపం. మీరింతవరకు ఎవరికీ ఏమీ పంపలేదు. ఏదైనా కొని ఇవ్వండి, నంబరు రాయండి, వాళ్లొచ్చి తీసుకుంటారు."

పెన్ను చేతిలో పెట్టింది. తాక్ పట్టుకున్నాడు. పదకొండేళ్లలో ఎన్నో నంబర్లు కంఠతా పెట్టి ఎన్నో మరిచిపోయాడు. మిగిలింది ఒకటే, డైరెక్టర్‌ది. పెన్ను కాసేపు గాల్లో ఆగింది. గేటు దగ్గర చివరి పిలుపు వినిపించింది.

"ఎవరో ఒకరుంటారు కదా అన్నా," అంది సోల్హీ.

"ఒకాయన ఉన్నాడు," అన్నాడు తాక్, పెన్ను తిరిగిస్తూ. "ఆయనకి రెండొందల గ్రాములు ఎక్కువ."