ఎడమ రెక్కకు మూడు డిగ్రీలు

"రెక్కలు కట్టడం ఇంకా గుర్తుందా?" అని అడిగాడు చీఫ్.

ఏజెంట్ పదకొండు తలూపాడు. మోడల్ విమానాలంటే అతనికీ, అతని అన్నకీ చిన్నప్పటి నుంచీ పిచ్చి. అన్న కూడా ఇదే డిపార్ట్‌మెంట్‌లో పనిచేశాడు. రెండేళ్ల క్రితం ఒక విదేశీ ముఠా గుట్టు లాగుతుండగా ఎవరో వాళ్లకు ఉప్పందించారు. అన్న తూటాకు బలయ్యాడు.

బ్రీఫింగ్ మూడు నిమిషాల్లో ముగిసింది. అదే ముఠా. నాయకుణ్ణి ప్రొఫెసర్ అంటారు. రిమోట్‌తో ఎగిరే మూడు మీటర్ల మోడల్ విమానంలో బాంబు పెట్టి, శాంతి ఒప్పందం మీద సంతకాలు జరిగే హాలు మీదికి వదలాలన్నది వాళ్ల ప్లాన్. ఎక్కణ్ణుంచి, ఏ రోజన్నది తెలీదు. ఇంతకుముందు కట్టిన రెండు విమానాలూ రెక్కలు వంకరపోయి నేల కరిచాయి. అందుకే చెయ్యి తిరిగిన పనివాడి కోసం వెతుకుతున్నారు.

"లోపల మన డబుల్ ఏజెంట్ ఉంది. నీ మెసేజ్‌లన్నీ ఆమె ద్వారానే పంపాలి. ఎవరో తెలుసుగా?"

తెలుసు. అతని వదిన. భర్త పోయిన నెల తిరక్కుండానే, వాళ్ల అంతు చూస్తానంటూ తనంతట తానే ఆ ముఠాలో చేరిన మనిషి.

చీఫ్ ఒక జత బూట్లు ముందుకు తోశాడు. ఎడమ మడమలో ట్రాన్స్‌మీటర్ ఉంది. ఒక్కసారే పనిచేస్తుంది. ప్రాణం మీదికొస్తే నొక్కమన్నాడు. కమాండోలు పన్నెండు నిమిషాల్లో వస్తారు.

వారం తిరిగేసరికి సోడాబుడ్డి కళ్లద్దాలు, నెరిసిన గడ్డం, కుంటినడకతో అతను చెరువు ఒడ్డున మూతబడిన పెయింట్ ఫ్యాక్టరీలో తేలాడు. మొదటి రోజే వదిన వచ్చింది. పట్టు స్కార్ఫ్, నల్లకళ్లద్దాలు, గదంతా సెంటు వాసన.

"గాలి ఎటు వీస్తోంది?"

"గాలెక్కడిదండీ, అంతా ఉక్కపోతే."

కోడ్ కలిసింది. ఆమె పెదవుల మీద చిన్న నవ్వు మెరిసింది.

పని మొదలైంది. బల్ల మీద జిగ్ బిగించాడు. అంటే, రెక్కను వంకరపోకుండా పట్టి ఉంచే చట్రం. దాని రెండు స్టీల్ కడ్డీలకు రెక్కకు పక్కటెముకల్లాంటి చెక్క ముక్కలను ఒక్కొక్కటే గుచ్చి, వరస కుదిరాక పైన పల్చటి బాల్సా చెక్క అతికించాడు. కుడి ప్యానెల్, ఎడమ ప్యానెల్ విడివిడిగా తయారయ్యాయి. కడ్డీలు లాగేసి, రెండింటినీ జిగ్ దిమ్మెల మీద పడుకోబెట్టి, మధ్యలో ప్లైవుడ్ బద్ద దూర్చి ఎపాక్సీ జిగురుతో కలిపాడు. కలిపే ముందు ఆ బద్దను ముప్పాతిక దాకా రంపంతో కోశాడు. విమానం పైకి లేచే ఊపుకే రెక్క నడిమికి విరుగుతుంది.

ఆ సంగతి ఒక్క వదినకే చెప్పాడు. ఆమె అతని భుజం మీద చెయ్యి వేసి, "మీ అన్నయ్య ఉంటే ఎంత మురిసిపోయేవారో" అంది.

ఎల్లుండి ఉదయమే ప్రయోగమని ఆమే చెప్పింది. చీఫ్‌కి కబురు పంపేశానని కూడా అంది.

ఆ ఉదయం అతను రెక్కను ఒక చివర పట్టుకుని కాస్త ఎత్తి చూశాడు. మధ్యలో చిన్నగా కిర్రుమనాలి. అనలేదు. రాయిలా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే పచ్చి జిగురు వాసన. రెక్క మీద పరిచిన ప్లాస్టిక్ ఫిల్మ్ కింద వేలికి ఇంకో బద్ద తగిలింది.

ఈ కోత గురించి తెలిసింది ప్రపంచంలో ఒక్కరికే.

చీఫ్‌కి కబురు వెళ్లి ఉండదు. ముఠాకి తనెవరో మొదటి రోజు నుంచీ తెలుసు. వాళ్లకు కావలసింది తిన్నటి రెక్క, అది తనే కట్టి ఇచ్చాడు. మరి రెండేళ్ల క్రితం అన్న సంగతి? ఆ ఆలోచనను పూర్తి చెయ్యడానికి అతనికి ధైర్యం చాలలేదు.

"అంతా సరిగ్గా ఉందా?" గుమ్మంలో వదిన.

"ఫిల్మ్ మీద ముడతలున్నాయి వదినా. పది నిమిషాల్లో తీసేస్తాను."

ఇప్పుడు మడమ నొక్కినా, కమాండోలు కనబడగానే వీళ్లు ఈ తిన్నటి రెక్కతోనే విమానం వదిలేస్తారు.

రెక్కను మళ్లీ జిగ్ మీద పెట్టి హాట్ ఎయిర్ గన్ పట్టాడు. వేడికి పచ్చి జిగురు మెత్తబడింది. ఎడమ ప్యానెల్ వెనక అంచు కింద సన్నటి చెక్కపేడు ఒకటి తోసి, పైన బరువు పెట్టి, చల్లారనిచ్చాడు. మూడు డిగ్రీల మెలిక. కంటికి ఆనదు, గాలికి తెలుస్తుంది.

పదకొండింటికి ఫ్యాక్టరీ డాబా మీద ప్రొఫెసర్ ఇంజన్ స్టార్ట్ చేశాడు. సంతకాల హాలు అవతలి ఒడ్డున కనిపిస్తోంది. ముఠాలో మిగతావాళ్లు అక్కడే కాపు కాస్తున్నారు. విమానం లేవగానే వదిన హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పిస్టల్ తీసింది.

"ఇంక ఆ గడ్డం తీసెయ్. ఉక్కపోస్తుంది."

అతను మడమ నొక్కాడు. కమాండోలకు పన్నెండు నిమిషాలు. విమానానికి రెండే.

"అన్నయ్యను పట్టించింది కూడా మీరేనా?"

"ఆయన్ని నేనేమీ అడిగేదాన్ని కాదు. అన్నీ ఆయనే చెప్పేవారు. మీ ఇంట్లో అందరికీ అదే జబ్బు."

విమానం కాస్త ఎడమకు ఒరిగింది. ప్రొఫెసర్ స్టిక్‌ను కుడికి నెట్టి సరిచేశాడు. హాలు దగ్గరపడింది. ఫుల్ స్పీడ్‌లో కిందికి దించాడు. వేగం పెరిగేకొద్దీ మెలిక బలం పెరిగింది. స్టిక్ చివరిదాకా వెళ్లినా రెక్క మాట వినలేదు. బాంబును మేల్కొలిపే స్విచ్ మీద ప్రొఫెసర్ వేలు పెట్టేలోగా విమానం వెల్లకిలా తిరిగి, హాలు గోడకు యాభై గజాల ఇవతల చెరువులో పడింది.

వదిన చూపు అటు తిరిగింది. ఆ క్షణం చాలు. మరుక్షణం పిస్టల్ అతని చేతిలో ఉంది.

కమాండోలు రావడానికి ఇంకా పది నిమిషాలు. ఆమెనీ, ప్రొఫెసర్‌నీ పిట్టగోడకు చేర్చి పిస్టల్ గురిపెట్టాడు. ఆమె జారిన స్కార్ఫ్ సరిచేసుకుంది.

మర్నాడు చీఫ్ ఒక ఫారం ఇచ్చాడు. ఆపద వస్తే కబురు చెయ్యాల్సిన దగ్గరి బంధువు ఎవరన్న గడిలో వదిన పేరు కొట్టేసి ఉంది. ఏజెంట్ పదకొండు ఆ పక్కన చీఫ్ పేరు రాశాడు.

"నేను నీకేమవుతానయ్యా?" అన్నాడు చీఫ్.

"ఏమీ కారు సార్, అందుకే రాశాను. మీరు అబద్ధమాడినా జీతం కోసమే కదా."