భయం దిగే గీత

పొద్దున్నే కాఫీ తోటకు బయలుదేరాల్సిన రత్నాలు ఆ రోజు బుట్ట తీసి మూలన పెట్టేసింది. కూతురు భానుని అంగన్‌వాడీకి తానే తీసుకెళ్తానని తోటికోడలు యర్రమ్మతో చెప్పింది. యర్రమ్మ సరేనంది. ఆవిడ అంత తేలిగ్గా సరేననడంతో రత్నాలుకు ఇంకా మండింది.

ఇదంతా ఒక గీత తెచ్చిన తంటా. విశాఖ నుంచి పరిశోధనకు వచ్చే స్వర్ణ నెలనెలా అక్కడి పిల్లలకు రక్తపరీక్ష చేయిస్తూ, సూదికి ముందూ తర్వాతా వాళ్ల నోట్లో తడిని దూదితో తీసుకుంటుంది. బిడ్డ బెదిరితే అందులో ఏదో పెరుగుతుందట. అది ఎంత వేగంగా ఎక్కి ఎంతసేపటికి దిగుతుందో గీతగా గీసి, వందమంది పిల్లల గీతల నుంచి ఒక లెక్క కడుతుందట. పోయిన నెల భాను యర్రమ్మ ఒళ్లో ఉంది. ఇంత తొందరగా భయం దిగిన బిడ్డ ఇంకెవరూ లేరని స్వర్ణ ఆ గీతను అందరికీ చూపించింది. కన్నది నేనైతే పేరు ఆవిడకా అని రత్నాలు నెల్లాళ్లూ కుళ్లిపోయింది. పగలంతా పిల్లను మోసేది పిల్లల్లేని యర్రమ్మేనని తెలుసు. తెలిసినంత మాత్రాన కడుపుమంట చల్లారుతుందా?

అంగన్‌వాడీలో సూది గుచ్చగానే భాను గుక్కపట్టింది. రత్నాలు ఎంత జోకొట్టినా ఊరుకోదు సరికదా, వెనకే వచ్చి గుమ్మంలో నిలబడ్డ యర్రమ్మ వైపు చేతులు చాచింది. రత్నాలుకు తల కొట్టేసినట్టయింది. స్వర్ణ అటు తిరిగినప్పుడు కొంగుముడి విప్పి పిల్ల నోట్లో బెల్లం ముక్క పెట్టేసింది. దూది తీసేదాకా ఏమీ పెట్టకూడదని ముందే చెప్పారు. అయినా పెట్టింది.

దూది గోధుమరంగులో జిగటగా వచ్చింది. ఇది లెక్కకు పనికిరాదని, ఎవరు తినిపించారని స్వర్ణ గట్టిగానే అడిగింది. రత్నాలు కొంగుముడి మళ్లీ బిగించింది.

"నానే ఎట్టేను," అంది యర్రమ్మ. "గుంట ఏడుత్తంటే సూళ్లేకపోనాను."

బయటికి రాగానే రత్నాలు ఆవిడ చెయ్యి పట్టి ఆపింది. "అబద్దం ఏటికాడినావక్కా? ఇందులోనూ నువ్వే గొప్పవ్వాలా?"

యర్రమ్మ రత్నాలు చంకలోని భాను తల నిమిరింది.

"సందేళ నీ అడుగు సప్పుడు ఇనగానే ఇది నా సంక దిగి పరిగెడతాది సెల్లీ. రోజూ. నాకు కుళ్లుండదా? ఆ గీత ఎవులు గీత్తారు?"

రత్నాలు ఏడ్చేసింది. ఇన్నాళ్లూ తన మంట ఒక్కటే చూసుకుంది. పిల్లను యర్రమ్మ చేతికిచ్చి లోపలికి వెళ్లి, బెల్లం పెట్టింది తానేనని చెప్పింది. వచ్చే నెల నుంచి యర్రమ్మే ఎత్తుకుంటుందని, ఆవిడ పేరు రాసుకోమంది.

స్వర్ణ కాగితం తీసి, బిడ్డకు ఆవిడ ఏమవుతుందని అడిగింది.

రత్నాలు గుమ్మంలోకి చూసింది. భాను యర్రమ్మ భుజం మీద అప్పటికే నిద్రపోయింది.

"అమ్మని రాయండి," అంది.